గీత దాటిన బావ చుక్క

ఆ రోజుల్లో అసూయ పడడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు, మా బావ ఉంటే చాలు. మేనత్త కొడుకు, నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. శ్రీకాకుళంలో పదో తరగతి దాకా తెలుగులో చదివి, బెంగాల్లో సంత్రాగాఛిలో ఉన్న మా రైల్వే క్వార్టర్సుకి వచ్చి, షాలిమార్ దగ్గర ఒక చిన్న కార్ఖానాలో నాతోపాటు ఒకే రోజున చేరాడు. ఇద్దరం లేతు మిషన్ల మీద ఇనప పిన్నులు చేసేవాళ్ళం. పర్మినెంటు పోస్టు మాత్రం ఒక్కటే ఉంది.

నాణ్యత చూసే బెంగాలీ ఆఫీసరుని అందరం గ్రాఫ్‌దా, అంటే గ్రాఫుల అన్నయ్య, అనేవాళ్ళం. అరగంటకోసారి ఐదు పిన్నుల మందం కొలిచి, సగటు కట్టి, మిషను పక్కన వేలాడే చార్టు మీద చుక్క పెట్టమన్నాడు. మధ్యలో ఒక గీత, పైనొకటి, కిందొకటి. "పై గీతకీ కింది గీతకీ మధ్య చుక్క కాస్త ఊగడం మామూలే, మిషన్ని ముట్టుకోకండి. గీత దాటితే మాత్రం కారణం వెతికి పక్కన రాయండి" అన్నాడు. బావ ఆ మాట విన్నాడు. నేను వినకుండా బావ చార్టు చూస్తూ కూర్చున్నాను. నా చుక్క వెంట్రుకవాసి దిగినా తట్టుకోలేక టూలు కదిపేవాణ్ణి. తర్వాతి చుక్క పైకెగిరేది. మళ్ళీ కదిపేవాణ్ణి. కార్ఖానాకి ఎవరొచ్చినా గ్రాఫ్‌దా బావ చార్టే చూపించేవాడు. ఇంట్లో అమ్మ, "బావని సూసి నేర్సుకోరా, ఆడి సుక్కలు ఎంత బుద్దిగా ఉన్నాయో!" అనేది. (అమ్మ ఆ చార్టుని జన్మలో చూడలేదు. కడుపుమంట కొద్దీ నేనే చెప్పాను.)

ఇక ఉండబట్టలేక రోజూ మూడింటికి రెండు మట్టి కప్పుల్లో టీ పట్టుకుని బావ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. టీ ఒక వంక, చూడాల్సింది చార్టు. మూడో రోజుకే నా మొక్కులు ఫలించాయి. బావ చుక్కలు గీత దాటుతున్నాయి! అదీ రోజూ, మూడు దాటాకే. పక్కన ఏం రాశాడో కూడా చదవకుండా నేను పరుగున వెళ్ళి గ్రాఫ్‌దాకి చెప్పాను. "దాదా, మా బావకి ఈమధ్య పని మీద ధ్యాస లేదు."

ఆయన ముందు లోడ్‌షెడింగ్ అనుకున్నాడు. రిజిస్టరు తిప్పితే ఆ వేళల్లో కరెంటు ఉంది. బావ చార్టు తెప్పించాడు. గీత దాటిన ప్రతి చుక్క పక్కనా బావ పొందికగా కారణం రాశాడు, తెలుగులో. గ్రాఫ్‌దా దాన్ని నా చేతికిచ్చి, "పొడో తో" అన్నాడు, చదవవయ్యా అని.

"మామయ్య కొడుకు టీ తెచ్చినాడు. మిషను ఆపి తాగినాను." మూడు చుక్కల పక్కనా అదే వాక్యం.

'నిద్రపోయినట్టు రాశాడు దాదా' అంటే చాలు, పోస్టు నాదే. నోటిదాకా వచ్చింది కూడా. పక్కన, చార్టు తెచ్చిన బావ, తన చేతిరాత ఆఫీసులో పైకి చదువుతున్నారని మురిసిపోతూ నిలబడ్డాడు. ఆ మొహం చూసి, ఉన్నదున్నట్టు బెంగాలీలో చెప్పాను. గ్రాఫ్‌దా నన్ను ఎగాదిగా చూశాడు. ఆగి చల్లారిన లేతు మళ్ళీ వేడెక్కేదాకా కొలత తేడా వస్తుందట. "కారణం దొరికింది. ఇకమీదట నువ్వు ఆ వరసలోకి వెళ్ళకు" అన్నాడు. నెల తిరక్కుండా బావ పర్మినెంటయ్యాడు.

ఆ చార్టు చదివిన రోజు సాయంత్రమే లోకల్ రైల్లో అడిగాను. "నేనొస్తే మిషను ఆపాల్సొస్తాదని నాకు ముందే సెప్పొచ్చు గదా బావా?"

"ఏటని సెప్తాన్రా? అంతమందిలో నన్ను సూడ్డానికొచ్చేది నువ్వొక్కడివే గదా" అన్నాడు.

మొన్న బావకి మోకాలి ఆపరేషన్ అయితే చూడ్డానికి వెళ్ళాను. వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. చల్లటి గాలి, ఎదురుగా పచ్చటి చెట్లు. బావ చెయ్యి పట్టుకుని కూర్చున్నానన్న మాటే గానీ, నా మోకాలి వంతు వచ్చేసరికి ఆ మంచం ఖాళీగా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. అరవై దాటిన మనిషిని, నాకే నవ్వొచ్చింది. "ఏట్రా, నీలో నువ్వే నవ్వుతున్నావు?" అన్నాడు బావ.