అక్క కేక

మా అక్క మిరపకోతల మేస్త్రి. పర్చూరు దగ్గర మా ఊళ్ళో ఆడకూలీల ముఠాను పొలాలకు తీసుకెళ్ళేది. తెల్లవారగానే వీధి మొదట్లో నిలబడి, "నడవండే, ఎండెక్కుతోంది!" అని ఒక్క కేక పెడితే, వీధి చివరింట్లో కూడా అన్నం క్యారేజీ మూత పడేది. ఆ గొంతులోనే పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం నిలిచింది, కేక పోయింది.

అక్క కూతురు తన పాత ఐఫోన్ తెచ్చి ఇచ్చింది. బొత్తాం నొక్కితే మాట పలికే యాప్ నేను రాస్తానన్నాను. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఫోనుకు రాయాల్సిన భాష స్విఫ్ట్. అది ఆపిల్ వాళ్ళ మ్యాక్ కంప్యూటర్ మీద ఉన్నంత దర్జాగా నా లినక్స్ లాప్‌టాప్ మీద ఉండదు. మాటల్ని దాచడం, వెతకడం అన్నీ బాగానే నడిచాయి. బొత్తాలూ గొంతూ మాత్రం రాలేదు. వాటి సరంజామా అంతా మ్యాక్‌లోనే ఉంటుందట. కొనే స్తోమత నాకు లేదు. ఒళ్ళు మండిపోయింది. గొంతు కోసం మొదలుపెట్టిన పనిలో గొంతొక్కటే లేకపోవడమేమిటి!

ఉన్నదాంతోనే కానిచ్చాం. అక్క నా లాప్‌టాప్‌లో ఒక అంకె నొక్కితే నల్లటి తెర మీద వాక్యం వచ్చేది, నేను పైకి చదివేవాణ్ణి. "దయచేసి మంచినీళ్ళు ఇవ్వండి" అని నేను రాసిపెట్టింది చూసి అక్క భుజాలు కదిలేలా నవ్వింది, చప్పుడు లేకుండా. "ఇదెవర్రా మాట్లాడేది? నేనేనా?" అని టైపు చేసింది. నావన్నీ తీసేయించి తన మాటలు పెట్టించింది. సెలవు రోజుల్లో పొలం గట్టున కూర్చుని, అక్క నొక్కినప్పుడల్లా, "ఏమే, తొడిమ ఊడకుండా కొయ్యండే!" అని అరిచేవాణ్ణి. కేక చాలదని గడ్డం పైకెత్తి సైగ చేసేది. ఆడవాళ్ళు "అట్నే అక్కా" అనేవాళ్ళు, నా వైపు చూడకుండా.

చివరికి ఒక స్నేహితుడు మ్యాక్ అరువిచ్చాడు. యాప్ ఫోనులోకి ఎక్కింది. అది వార్తలు చదివినట్టు మెత్తగా పలికింది. అక్క ఒక్కసారి విని, ఫోను పక్కన పెట్టి, లాప్‌టాప్ నా వైపు తోసింది. లోలోపల పొంగిపోయాను. ఆపిల్ కంపెనీకి డబ్బు కట్టకుండా ఎక్కించిన యాప్ కదా, వారం తిరిగేసరికి తెరుచుకోవడం మానేసింది. మళ్ళీ ఎక్కించమని అక్క అడగలేదు.

పుండు మళ్ళీ లేచింది. ఈసారి డాక్టర్లు చెయ్యి వేయలేదు. రెండో కోత నడుస్తుండగా అక్క పోయింది.

కర్మలు ముగిసిన మర్నాడు పొద్దున్నే ముఠా అంతా క్యారేజీలతో మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. వాళ్ళలో పెద్దావిడ అంది: "పొలం పోవాల బాబూ, కాళ్ళు కదలట్లా. అక్క కేక ఒక్కసారి పెట్టయ్యా."

లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద తెరిచాను. అక్క ఎప్పుడూ మొదట నొక్కే అంకె నొక్కాను. "నడవండే, ఎండెక్కుతోంది!" అని తెర మీద పడింది. అందరూ నా వైపే చూస్తున్నారు. నోరు తెరిచాను. కేక రాలేదు.