ఆదివారం బీపీ

ఆరేళ్ళుగా ఒక అంకె నా గుండెల మీద బరువుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడైనప్పుడు నాది ఇస్తానని ముందు నేనే వెళ్ళాను. నా రక్తం ఆయనకు సరిపడదన్నారు. ఆయన అక్కది సరిపోయింది. వదిన మారుమాట లేకుండా ఇచ్చేసింది. ఆ రోజు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాను. మనస్ఫూర్తిగానే పెట్టాను. మరి ఆ మనసు తర్వాత ఎటు పోయింది?

ఆపరేషన్ అయ్యాక వదిన ప్రతి ఆదివారం తణుకులో బస్సెక్కి రాజమండ్రి వచ్చేది. చెప్పులు విప్పుతూనే వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుని, పొత్తికడుపు మీద కుట్లున్న చోట చెయ్యి వేసి, "మనది ఎలా ఉందిరా?" అనేది. ఆయన నవ్వేవారు. మనది. ఆ మాటలో నేను లేను. ఉప్పు కొలిచి వండేదాన్ని, వేళ తప్పకుండా మాత్రలు వేసేదాన్ని, కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ మాట వినేదాన్ని. నాది కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టను.

పొద్దునా సాయంత్రం బీపీ చూసి నోట్‌బుక్‌లో రాయడం నా పని. మిషన్ నావైపే తిరిగి ఉండేది. ఆయన కళ్ళు మూసుకునేవారు, ఎంతుందని అడిగేవారు కాదు. వదిన వచ్చిన రోజు వారం మొత్తంలోకి తక్కువ ఉండేది. నేను రోజంతా పక్కనుంటే తగ్గనిది ఆవిడ గంటసేపు కూర్చుంటే తగ్గుతుందా? ఒక ఆదివారం ఇరవై కలిపి రాశాను. నోట్‌బుక్ మూసి కాఫీ గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. తర్వాత వచ్చిన ఆదివారాలకూ కలిపాను.

నెల చెకప్‌కి వెళ్ళాం. ఆయన్ని రక్తం తియ్యడానికి ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. డాక్టరు గారు నోట్‌బుక్ తిరగేసి, మందు పెంచబోయి ఆగారు.

"మార్చి పెట్టిన కిడ్నీకి నరాలు తెగిపోయి ఉంటాయమ్మా. మనిషి కంగారు పడుతున్నాడని నరం దానికి చెప్పదు. కానీ కంగారు పడితే రక్తంలో హార్మోన్లు పెరుగుతాయి. నరం లేని కిడ్నీ వాటికి మామూలుకంటే ఎక్కువగా స్పందించొచ్చు. మరి ఆదివారాలే ఎందుకు పెరుగుతోందండి?"

"వాళ్ళక్కగారు వస్తారండి," అన్నాను.

అంతే అన్నాను. అందులో అబద్ధం లేదు. కొన్నాళ్ళు రావద్దని చెప్పి చూడమన్నారు. ఇంటికొచ్చి, డాక్టరు గారు చెప్పారని చెప్పి ఆయన నోరు మూయించాను. వదినకు ఫోన్ చేశాను. ఒంట్లో భాగం కోసి ఇచ్చిన మనిషి, తనవల్ల తమ్ముడికి ముప్పంటే వస్తుందా? మాత్రలు వేళకి వేస్తున్నావా అని అడిగింది. తర్వాత సరేనంది. ఆ కొన్నాళ్ళే ఆరేళ్ళయ్యాయి. పండక్కి వచ్చినా దూరంగా కుర్చీలో కూర్చుని వెళ్ళిపోతుంది.

ఆవిడ మానేశాక నేనూ కలపడం మానేశాను. నోట్‌బుక్‌లో ఆదివారాల అంకెలు తగ్గాయి. డాక్టరు గారు సంతోషించారు. నాకొక్కదానికే తెలుసు, నిజానికి పెరిగాయని. ఆవిడ వచ్చే రోజుల్లో మిషన్ చూపించినదానికంటే పది పాయింట్లు. ఆ కిడ్నీకి నరం లేదు కదా, వదిన రాలేదని దానికెవరు చెప్పారు?

ఇప్పుడు ఆదివారాలు ఫోన్ చేస్తుంది. మొన్న కూడా చేసింది. స్పీకర్‌లో విన్నాను. "నీది ఎలా ఉందిరా?" అంది. ఆరేళ్ళుగా అలాగే అడుగుతోంది. మనది అనడం మానేసింది. ఆయన బానే ఉందక్కా అని, కుట్లున్న చోట తన చెయ్యే వేసుకున్నారు.

నేను కోరుకున్నది అదే కదా? ఆ మాట ఆవిడ నోట్లోంచి పోయింది. నా నోటికీ రాలేదు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెబితే ఆయన బీపీ పెరుగుతుందని నాకు నేనే సాకు చెప్పుకుంటాను. ఆ సాకు ఎక్కడ నేర్చుకున్నానో మీకు తెలుసు.

కనీసం మీకైనా సరిగ్గా చెప్పనివ్వండి. ఆ మొదటి ఆదివారం పేజీలో నూట నలభై ఆరు అని ఉంటుంది. అది నా చేతిరాత. వదిన పక్కన కూర్చుని ఉండగా మిషన్ చూపించింది నూట ఇరవై ఆరు.