నిప్పు పెట్టింది ఆయన కాదు

ఇది రాయకుండానే దాటేద్దామనుకున్నాను. మా మెకానిక్ గారు పోయారని మొన్న బుధవారం పొద్దున్నే కబురొచ్చింది. "నాన్నగారి గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టండి బాబాయ్ గారూ, పెద్దకర్మ నాడు అందరికీ పంచుతాం" అని ఆయన కూతురు అడిగితే, చూపు ఆనడం లేదమ్మా అన్నాను. చూపు శుభ్రంగా ఉంది. రాస్తే ఒక సంగతి చెప్పక తప్పదు, అదీ భయం.

అయితే శ్మశానం నుంచి వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చున్నప్పుడు ఊళ్ళో ఒకాయన, "మంచి పనిమంతుడేనండి, పాపం. నిప్పు దగ్గరే కాస్త అజాగ్రత్త" అన్నాడు. నలుగురూ తలలూపారు. మంచినీళ్ళు తెచ్చిన ఆ అమ్మాయి గ్లాసులు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇంక రాయక ఏం చేస్తాను?

కోనసీమలో చలేమిటని బయటివాళ్ళు నవ్వుతారు. పుష్యమాసంలో మా కొత్తపేట వైపు కాలవగట్టు మీద నిలబడి నవ్వమనండి. మంచులో పక్కనున్న కొబ్బరిచెట్టు కనపడదు. మనిషికి దుప్పటి ఉంది, చిన్న ట్రాక్టర్‌కి ఏముంది? డీజిల్ ఇంజను, అందులో పాతది, బేటరీ నీరసం. తాళం తిప్పితే రెండు మూలుగులు మూలిగి ఊరుకుంటుంది. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు సరిగ్గా అప్పుడే. కాలవ నీరు వంతుల మీద వదులుతారు. మన వంతు రోజుల్లో చేను నీళ్ళల్లో దున్ని బురదగా దమ్ము చెయ్యకపోతే నారు ముదిరిపోవడమే.

అప్పుడు ఆయన కావాలి. సాయంత్రం పని ఆగగానే, వేడి చల్లారకముందే ఇంజను మీద గోనెపట్టా కప్పించేవారు. బేటరీలు విప్పి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకునేవారు, ఊరందరివీ.

"ఈ ఇంట్లో బేటరీకున్న చోటు నాకు లేదండీ," అనేవారు ఆయన భార్య.

"ఆయ్, నీకు ఛార్జింగు దిగదు కదే," అనేవారు ఈయన.

తెల్లవారాక రేడియేటర్లోని చల్లనీళ్ళు దించేసి వేన్నీళ్ళు పోసేవారు, మోచెయ్యి ముంచి చూసుకుని మరీ, పసిబిడ్డకి పోసినట్టు. తరవాత కొబ్బరిచిప్పలు కాల్చిన నిప్పులు ఇనప మూకుట్లో వేసి ఇంజనాయిలు ఉండే అడుగు భాగం కిందకి తోసేవారు. తోసే ముందు తన తువ్వాలుతో అడుగంతా తుడిచి, ఆ తువ్వాలు వాసన చూసేవారు. డీజిల్ వాసన వేసిందా, ఆ రోజు నిప్పు లేదు. "నిప్పులుండాలి గానీ మంట ఉండకూడదండీ. ఇంజన్ని లేపాలి, బెదరగొట్టకూడదు," అనేవారు. అయ్యేదాకా పక్కనే గొంతుక్కూర్చునేవారు. టీ ఇచ్చినా కదిలేవారు కాదు.

ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల వాళ్ళు కూడా ఇంజన్లకి ఆయన్నే పిలిచేవారు. ఓసారి వాళ్ళిచ్చిన రొయ్యలు పనిముట్ల పెట్టెలో వేసుకొచ్చారు. వారంపాటు ఊళ్ళో పిల్లులన్నీ ఆయన సైకిలు వెనకే. సరే, దారి తప్పుతున్నాను. తప్పాలనే తప్పుతున్నానేమో.

నాకు ట్రాక్టర్ లేదు. మా అక్కగారి భర్త, బావగారిది వాడుకునేవాణ్ణి. చాన్నాళ్ళ కిందట ఓ ఏడు, నా నీటి వంతు అయిపోవడానికి ఇంకా రెండు రోజులే ఉందనగా, పొద్దున్నే ట్రాక్టర్ పలకలేదు. మెకానిక్ గారు రెండు చేల అవతల ఇంకో ఇంజను దగ్గరున్నారు. నేను ఆగలేదు. చలిదేశాల్లో ఇంజన్ల కింద మంట పెడతారని ఏదో పుస్తకంలో చదివి ఉన్నాను; ఊళ్ళో నా పేరే పుస్తకాలగారు. ఎండు కొబ్బరిడొక్కలు వెలిగించి, మంట మంటగానే కిందకి తోశాను. అడుగు తుడవలేదు. గుప్పుమంది.

ఆయన పరుగెత్తుకొచ్చి బురద, తడిగోనెలు వేసి ఆర్పారు. వైర్లు కాలిపోయాయి. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. బావగారు వచ్చేసరికి నేను నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను.

"ఎవడ్రా ఇక్కడ నిప్పెట్టింది?" అన్నారు బావగారు.

"నేనేనండీ," అన్నారు మెకానిక్ గారు. "అడుగు తుడవడం మర్చిపోయేను."

బావగారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. ఆయన అన్నిటికీ "ఆయ్" అంటూనే ఎడంచేత్తో కొత్త వైర్లు బిగించారు. మధ్యాహ్నానికి ట్రాక్టర్ లేచింది, నా దమ్ము అయింది.

"ఎందుకండీ అలా చెప్పేరు?" అని గట్టు మీద అడిగాను.

"నన్నైతే నాలుగు తిట్టి ఊరుకుంటారు. మీరని తెలిస్తే ఇంక తాళం ఇస్తారేటండీ, పుస్తకాలగారూ? నారు ముదిరిపోద్ది కదా!"

ఆ మర్నాటి నుంచి ఊళ్ళో సగంమంది తమ ఇంజన్ల దగ్గరకి ఆయన్ని నిప్పు తేనివ్వలేదు. కొందరు అమలాపురం నుంచి వేరే మెకానిక్కుని పిలిపించుకున్నారు. "ఈ ఏడు చెప్పేస్తానండీ" అని ఏటా అనేవాణ్ణి. "ముందు నాట్లు కానివ్వండి" అనేవారు ఆయన. నాట్లయ్యాక ఆయనా గుర్తుచెయ్యలేదు, నేనూ గుర్తుచేసుకోలేదు. ఆయనది మంచితనం. నాది ఏమిటో మీరే పేరు పెట్టుకోండి.

కాబట్టి అమ్మా, అరుగు మీద ఆ మాట అన్నాయనా, అందరూ వినండి. ఆయన చేతిలో ఒక్క ఇంజను కూడా కాలలేదు. కాల్చింది నేను.

ఈ కాగితం ముందుగా బావగారికి చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విని, "ఇన్నేళ్ళూ నాచేత ఆయన్ని తిట్టించేవన్నమాట" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

నిన్న నా నీటి వంతు మొదలైంది. ట్రాక్టర్ తాళం కోసం బావగారింటికి వెళ్ళాను. ఇవ్వనన్నారు. కొత్తపేట వెళ్ళి అద్దె ట్రాక్టర్ మాట్లాడుకున్నాను.