అసలీ చిప్పు ఏం చేస్తుందండీ?

తెలివితక్కువ ప్రశ్న ఒకటి వెయ్యందే మావయ్యకు పొద్దు గడిచేది కాదు. షేర్లు కొనేవాళ్ళంతా చేరి కబుర్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపు అది. మావయ్య అన్నది ఆయన పెట్టుకున్న పేరు. దాని ముందు ‘మొద్దు’ తగిలించింది మిగతావాళ్ళు.

ఇప్పుడా గ్రూపు లేదు. రిటైరై ఇన్నేళ్ళయినా, ఫోను చేతిలోకి తీసుకుంటే, అందులో ఒకప్పుడు చేరిన ఓ నర్సుకు ఇప్పటికీ ఆ గోలే గుర్తొస్తుంది.

ఏదో కంపెనీ గురించి వాదన రసపట్టులో పడేసరికి, లాభం వేరూ చేతికొచ్చిన డబ్బు వేరూ ఎలా అవుతాయండీ అంటూ మావయ్య దిగేవాడు. ఈయనకు చెప్పేకంటే గోడకు చెప్పుకుంటే సున్నమైనా రాలుతుందని గ్రూపులోని ఆడిటరు గారు విసుక్కునేవారు. విసుక్కుని, పేజీ నిండా విడమరిచి రాసేవారు. అంతా చదివి, సగం అర్థమైందనేవాడు మావయ్య. మిగతా సగం కోసం ఆడిటరు గారు మళ్ళీ మొదటికొచ్చేవారు.

నర్సు చేరిన వారంలోనే ఓ చిప్పుల కంపెనీ కొత్త నెట్‌వర్కింగ్ చిప్పును ప్రకటించింది. గ్రూపు పెళ్ళివారిల్లయిపోయింది. ఇల్లమ్మి అయినా ఈ షేరు కొనాల్సిందే అన్నాడొకడు. నర్సు ఇల్లు కొనుక్కోవడానికే దాచుకుంటోంది. డ్యూటీ దిగొచ్చి, అద్దింట్లో వంటగట్టు మీద ఫోను ఆనించుకుని, దాచిందంతా ఇందులో పెట్టేద్దామనుకుంది. ఆ చిప్పు దేనికో మాత్రం ఆమెకు తెలీదు. అంత తెలిసినవాళ్ళ మధ్య అడగాలంటే తల కొట్టేసినట్టుంది. రాయడం, చెరిపెయ్యడం.

అంతలో మావయ్య ఊడిపడ్డాడు.

“అసలీ చిప్పు ఏం చేస్తుందండీ?”

“ఇన్నాళ్ళూ ఏ గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నావు మావయ్యా?” అన్నారెవరో.

ఆడిటరు గారు నిట్టూర్చి, ఆ నిట్టూర్పు కూడా టైపుచేసి, మొదలెట్టారు. పెద్దపెద్ద హాళ్ళలో వేల కంప్యూటర్లు కలిసి పనిచేస్తుంటాయి, ఒకదాని మాట ఇంకోదానికి ఎక్కడా ఆగకుండా చేరవెయ్యడం దీని పని, నాలుగురోడ్ల కూడలిలో పోలీసులాగా అన్నారు.

“మరి కొన్నవాళ్ళున్నారా?” అన్నాడు మావయ్య.

ఉండకేం అంటూ అందరూ కంపెనీ ప్రకటన తిరగేశారు. పరీక్షించి చూసుకోమని నమూనాలు పంపారట. కొంటామని ఇంకా ఎవరూ అనలేదు. నర్సు ఏదో పేరుకి కొద్దిగా కొని ఊరుకుంది. ఆ షేరు తర్వాత పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఆమె మాత్రం సొంతింట్లో పాలు పొంగించుకుంది.

ఆ చిప్పు గొడవ జరిగిన ఏడే గ్రూపువాళ్ళంతా ఓ కాఫీ హోటల్లో కలిశారు. తండ్రిని దింపడానికొచ్చిన ఆడిటరు గారబ్బాయి, మావయ్యను చూసి చేతులు కట్టుకు నిలబడిపోయాడు.

“మాష్టారూ, మీరా?”

కాలేజీలో అతనికి చిప్పుల తయారీ నేర్పింది ఆయనేనట. ఆడిటరు గారి కప్పు సాసరు తప్పి బల్లమీద దిగింది.

తెలిసే అడిగారా అని నర్సు మెల్లగా కదిపింది. మావయ్య ఇబ్బందిగా నవ్వాడు.

“కొత్తవాళ్ళు చేరితే పేరు కనిపిస్తుంది కదమ్మా. పేరుంటుంది, మాటుండదు. నా క్లాసులో వెనకబెంచీ కూడా అంతే. వాళ్ళ తరఫున ఎవడో ఒకడు సిగ్గు విడవాలి. నాకా వయసొచ్చేసింది.”

“మీరే చెప్పెయ్యొచ్చుగా?”

“నేను చెబితే అందరూ నోరుమూసుకు వింటారు, ఇంకెవరూ అడగరు. పైగా ఆడిటరు గారు నాకంటే బాగా చెబుతారు. ఈ మాట ఆయన చెవిన వెయ్యకు, పాఠం కుదించేస్తారు.”

మర్నాడు గ్రూపులో ఎవరిదో కొత్త పేరు కనిపించింది. మావయ్య కంటే ముందే నర్సు రాసేసింది, డివిడెండంటే ఏంటండీ అని.

రెప్పపాటులో మావయ్య జవాబొచ్చింది.

“ఆ మాత్రం తెలీదా అమ్మా? ఆడిటరు గారూ, కాస్త చెప్పండి. పనిలోపని నేనూ వింటాను.”