సునీతను లత కొట్టింది

కోరుట్లలో మా ఇంట్లో పాప ఇంగ్లీషు పదాల అట్టముక్కలు నేల మీద పరిచి, వాక్యం కూర్చుకుంటోంది. అది చూడగానే నా ఎడమ చెంప మండింది.

అప్పుడు నేను సిరిసిల్లలో నాలుగో తరగతి. ఇంగ్లీషు సారు "సునీతను లత కొట్టింది" అని చెప్పి, దాన్ని బోర్డు మీద ఇంగ్లీషులో రాయమన్నాడు. నేను అదే వరుసలో "సునీత బీట్ లత" అని రాశాను.

"ఎవరు కొట్టిండ్రు?"

"లత, సార్."

"మరి నువ్వేం రాసినవ్?"

"లత కొట్టిందనే రాసిన సార్."

తెలుగులో ఏ పేరు ముందున్నా కొట్టింది లతే కదా! ఇంగ్లీషూ అంతే అనుకున్నాను. ఎదురు మాట్లాడుతున్నానని ఆయన నా ఎడమ చెంప పగలగొట్టాడు.

మర్నాడు అమ్మ మగ్గం పని మానుకొని నాతో వచ్చింది. "మా బిడ్డ ఏం తప్పు రాసిందో జెర చెప్పుండ్రి సార్."

"నీకు చెప్తే సమజైతదా?"

"అయితదో కాదో, చెప్పి సూడుండ్రి."

ఆయన నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. అమ్మ ముఖం ఎర్రబడింది. ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు.

ఇంగ్లీషులో మన 'ను' లాంటిది లేదని, ఎవరు ఎవరిని కొట్టారో పేరున్న చోటే చెబుతుందని నాకు జగిత్యాల కాలేజీలో తెలిసింది. సంతోషించాల్సింది పోయి కోపం వచ్చింది. ఇంత చిన్న మాటా!

బహుశా ఆ సారుకే తెలియదేమోనని ఇప్పుడనిపిస్తుంది. అయినా కోపం తగ్గదు. తెలియకపోతే తెలియదనొచ్చు. మా అమ్మను అంత మాట అనాల్సిన పని లేదు.