సుభాని సారు దాచిన తప్పు

సుభాని సారుకు ఎదుటివాళ్ల తప్పు కనిపిస్తే చాలు, పండగే. దిద్దితే ఓర్చుకోవచ్చు. ఆయన దిద్దడు, మురిసిపోతాడు. చారులో రెండుసార్లు ఉప్పు పడితే, "ఇది మీ అమ్మ దగ్గర నుంచి వచ్చిందా అక్కా?" అని ఆశగా అడిగాడు. గిన్నె లాగేసుకున్నాను.

ఒకప్పుడు కాలేజీలో జంతువుల పాఠం చెప్పాడట. ఇప్పుడు తోటపల్లి గూడూరులో మా ముందుగది అద్దెకు తీసుకుని, ఎక్కడో ఆస్ట్రేలియాలో పిల్లల్ని పొట్టసంచిలో మోస్తూ మాంసం తినే జంతువుల జన్యువులు పోలుస్తుంటాడు. కాగితాల నిండా నాలుగే అక్షరాలు. మూడో తరగతిలో బడి మానేసిన నాకే అంతకన్నా ఎక్కువ వచ్చు.

"ఇదేం చదువు సారూ?"

"చుట్టరికాలక్కా. తల్లి నుంచి బిడ్డకు ఈ రాత దిగేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు కూడా తరతరాలకూ దిగుతుంది. రెండు జంతువుల్లో అవే తప్పులుంటే, రెండూ ఒకే అవ్వ మనవరాళ్లు."

వీపున చారలున్న జంతువు బొమ్మ చూపించాడు.

"కుక్క" అన్నాను.

"మొహమే కుక్కది. చుట్టాలేమో అరచేతిలో పట్టే ఎలుకంత సంచిజీవులు. ఈ జాతి పోయి తొంభై ఏళ్లు కావస్తా ఉంది."

ఆ మాట చెప్పినప్పుడల్లా ఇంటి ముందు కాలువకేసి చూస్తూ ఉండిపోయేవాడు. నీళ్లమీద ఎండ కరుగుతుంటే, రొయ్యల గుంటల గట్టు మీద ఆ చారల తల్లి బిడ్డల్ని మోసుకుంటూ నడిచిపోతున్నట్టు నాకూ కనిపించేది. పొయ్యి మీద అన్నం మాడిపోయేది.

ఈమధ్య నా చూపు మందగించింది. వలలు బాగుచేసే పాకలో నా చోటు ఉషకు ఇమ్మని అడిగాను. అక్కడ చోటు ఇంటి బిడ్డకే ఇస్తారు. ఉష నా కడుపున పుట్టలేదు. తల్లి పోతే ఏడేళ్లప్పుడు తెచ్చుకున్నాను. చోటు రాకపోతే నన్ను వదిలి దూరాన తడలో కంపెనీ పనికి పోవాలి.

పాకలో పెత్తనమంతా వనజాక్షిది. "ఆ మొహంలో నీ పోలిక ఒక్కటన్నా ఉందా కామాక్షమ్మా?" అంది నలుగురిలో. ఉష తల దించుకుంది.

నా వెంట వచ్చిన సుభాని సారు, ఉష బాగుచేసిన వల ఎత్తి పట్టుకున్నాడు. "ముడి దగ్గర అందరూ దారం ఒక చుట్టు తిప్పుతారు. ఈ పిల్ల రెండు తిప్పింది. ఇంకెవరు తిప్పుతారట్లా?"

అందరూ నావైపు చూశారు. నలభై ఏళ్లుగా నా ముడికి వంక పెట్టినవాళ్లు లేరు. ఉష మొహం చూశాను.

"నేనే" అన్నాను. "తప్పు ముడే. మా అత్త నేర్పింది."

"రక్తం సంగతి నాకు తెలీదమ్మా" అన్నాడు సారు. "చెయ్యి మాత్రం ఆ ఇంటిదే."

వనజాక్షి ఉష వలా, నా వలా తడిమి చూసి, కాస్త పక్కకు జరిగింది. "ఇంత మొండి ముడి ఇంకెవరిదిలే. కూర్చో పిల్లా."

దారిలో సారును నిలదీశాను. "నా ముడి సంగతి ఎప్పటినుంచి తెలుసు?"

"వచ్చిన వారంలోనే చూసినాను."

"ఊరందరి తప్పులూ చాటింపు వేస్తారే. నాది చెప్పలేదేం?"

"చెప్తే దిద్దుకుంటారని. మీ ఇద్దరికీ ఉండేది ఆ ఒక్క పోలికే కదక్కా."



మర్నాడు పాకలో ఉష నా చోట కూర్చుని, "పెద్దమ్మా, ఇకనుంచి ముడి సరిగ్గా వేసేదా?" అని అడిగింది.

"వేసి చూడు, చెయ్యి విరుస్తా" అన్నాను.