రొట్టెల పొయ్యి దగ్గర ఇటాలియన్

మా వీధి చివరి కాన్వెంటులో ఉండే సిస్టరమ్మ పోయిన నెల కన్నుమూశారు. పొద్దున ప్రార్థనకు రాలేదని వెళ్లి చూస్తే నిద్రలోనే ప్రాణం పోయిందట. అక్కడ వంట చేసే ఆమె మా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండానే, "మీ సిస్టరమ్మ లేదమ్మా ఇగ" అని చెప్పింది. మాది క్రైస్తవ కుటుంబం కాదు. అయినా ఆమె 'మీ' అనడం నాకు సరిగ్గానే అనిపించింది.

సిస్టరమ్మది మర్రిగూడ పక్క పల్లె. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఉండే గోధుమ రంగు పళ్లు, వంగని మోకాళ్లు ఆమెకూ ఉండేవి. పళ్లు దాచుకోకుండా నవ్వేవారు. వయసులో ఉండగానే ఇటలీ వెళ్లి, ఒక వృద్ధాశ్రమంలో చాలా ఏళ్లు పనిచేశారు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఇటాలియన్ ఎలా నేర్పాలో అక్కడే ప్రత్యేకంగా చదువుకున్నారు. పెద్దతనంలో ఆమెను మా మహబూబ్‌నగర్ పంపితే, ఇటలీలో ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్లే ఆడవాళ్లకు ఇక్కడ భాష నేర్పడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్లలో మా ఆడబిడ్డ ఒకతె.

మా ఆడబిడ్డది మక్తల్. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లలతో మా ఇంటికి వచ్చి, ఇక్కడ ఒక దవాఖానలో ఆయాగా కుదిరింది. ఆ జీతంతో పిల్లల చదువు సాగదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. సిస్టరమ్మ దగ్గరికి రాకముందు హైదరాబాదులో ఒకచోట ఇటాలియన్ నేర్చుకోవడానికి చేరింది. "నీకు తెలుగే సక్కగ రాదు, ఇటాలియన్ ఏం వస్తుంది" అని అక్కడి మాస్టారు అందరి ముందూ అన్నాడట. అప్పటి నుంచి క్లాసు అంటే చాలు, ఆమెకు నోరు పెగిలేది కాదు.

సిస్టరమ్మ దగ్గరా మొదట అంతే. అర్థమైందా అంటే తల ఊపుతుంది, చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఇంతలో సిస్టరమ్మకు తెలిసిన ఒక ఇటలీ కుటుంబం, తమ తల్లిని చూసుకోవడానికి మనిషి కావాలని అడిగింది. ఫోన్లో చూస్తూ మాట్లాడారు. వాళ్లు పెద్దవాళ్లు కదా అని ఈమె తల దించుకుని కూర్చుంది. అడిగినవాటికి ఒక్క మాట కూడా చెప్పలేదు. మనదగ్గర అది అణకువ. అక్కడివాళ్లకు మాత్రం, ఈమెకు ఏమీ రాదనో, ఇష్టం లేదనో అనిపించింది. ఒక నెల తర్వాత ఇంకొక్కసారి మాట్లాడతామని, అప్పుడూ ఇంతే అయితే వేరే మనిషిని చూసుకుంటామని చెప్పారు.

నాకు ఏ పనైనా ఒక పద్ధతిలో పెట్టుకోవడం అలవాటు. వంటింట్లో డబ్బాలన్నిటి మీద ఇటాలియన్ పేర్లు రాసి అంటిస్తే రోజూ చూసి నేర్చుకుంటుంది కదా అన్నాను. సిస్టరమ్మ నవ్వి, "డబ్బాల మీద రాస్తే డబ్బాలే నేర్చుకుంటయి బిడ్డా" అన్నారు. ఆ తర్వాత, "ఈ పిల్ల ఎక్కడ గట్టిగ మాట్లాడుతది?" అని అడిగారు. ఆలోచించి చెప్పాను. ఎవరైనా రొట్టె పాడు చేస్తే ఊరుకోదు, నా మీద కూడా అరుస్తుంది.

మరునాడు సాయంత్రం సిస్టరమ్మ కర్ర పట్టుకుని మా వంటింట్లోకి వచ్చి, ఎత్తు పీట వేయించుకుని కూర్చున్నారు. నాకు జొన్నరొట్టె నేర్పు, కానీ ఇటాలియన్లోనే నేర్పు, అన్నారు మా ఆడబిడ్డతో. ఆమె మామూలుగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిస్టరమ్మ పిండిలో చన్నీళ్లు పోశారు. మా ఆడబిడ్డ నా వైపు చూసింది. నేను కూరగాయల వైపు చూశాను. సిస్టరమ్మ పిండిని రెండు వేళ్లతో కలిపి, ముద్ద చేసి, చపాతీ కర్ర అడిగారు. అది తెచ్చి ఇవ్వబోయాను. అప్పుడు వచ్చింది ఆ మాట.

"నో! కొసీ నో!"

అలా కాదు అని దానర్థం. ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు. నీళ్లు, వేడి, చెయ్యి, మెల్లగా, ఇంకా, చాలు. వచ్చిన మాటలన్నీ వరసగా పడ్డాయి. రాని చోట మన పాలమూరు మాటలు వేసి పూడ్చింది. సిస్టరమ్మ ఒక్క తప్పూ దిద్దలేదు. రొట్టె మాత్రం మళ్లీ మళ్లీ పాడు చేశారు. నెల రోజులూ మా వంటిల్లే బడి. మా ఆయన గడపలో నిలబడి, "ఇంట్ల ఏం భాష నడుస్తాంది గని, నాకింత బువ్వ దొరుకుతదా?" అనేవారు. సిస్టరమ్మ ఇటాలియన్లో ఏదో జవాబు చెబితే, ఆమె, మా ఆడబిడ్డ ఇద్దరూ నవ్వుకునేవారు. నేను పక్కన పని చేసుకుంటూ విన్నదే. అయినా చూస్తుండగానే నాకూ సగం అర్థం కావడం మొదలైంది.

దిద్దకపోతే ఎలా అని ఒకసారి అడిగాను. తాను కొత్తగా వెళ్లినప్పటి సంగతి చెప్పారు. పుస్తకంలోని ఇటాలియన్ బాగా నేర్చుకుని పోతే, ఆశ్రమంలో ముసలివాళ్ల మాట ఒక్కటీ అర్థం కాలేదట. వాళ్లు తమ ఊళ్లలో చిన్నప్పుడు మాట్లాడిన మాటే మాట్లాడేవారు. ఆఫీసులో పుస్తకం మాట, నొప్పి వస్తే ఇంటి మాట. "ఇంట్ల మాటకు సిగ్గుపడేటోళ్లకు ఇంకో ఇంటి మాట రాదు బిడ్డా" అన్నారు. ఇంకొకటి కూడా నేర్పారు. పనికి వచ్చిన పరాయి దేశం మనిషని కొందరు మొదటి చూపులోనే 'నువ్వు' అంటారు. కోపం తెచ్చుకోవద్దు. "నువ్వు మాత్రం వాళ్లను మీరు అనే అను. విని విని వాళ్లే దిద్దుకుంటరు."

రెండోసారి ఫోన్ వచ్చిన రోజు సిస్టరమ్మ తెర మీద కనబడకుండా ఫోన్ వెనక కూర్చున్నారు. ఆ ముసలామె కూతురు, ఏం వంట వచ్చునని అడిగింది. మా ఆడబిడ్డ తల దించుకుంది. ఎంతసేపైనా సిస్టరమ్మ కదలలేదు, సైగ కూడా చేయలేదు. చివరికి మా ఆడబిడ్డ రెండు చేతులూ ఎత్తి, రొట్టె తట్టినట్టు చూపిస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. పక్కన కుర్చీలో అప్పటిదాకా ఎటో చూస్తున్న ముసలామె ఇటు తిరిగింది. వాళ్ల ఊళ్లోనూ పెనం మీద రొట్టె చేస్తారట. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలునని, తమ ఊరి మాటలో చెప్పింది. కూతురు దాన్ని పుస్తకం మాటలోకి మార్చి చెప్పింది.

"నో, సిన్యోరా. కొసీ నో," అంది మా ఆడబిడ్డ. అలా కాదమ్మగారూ, మసిలే నీళ్లు కావాలంది.

ముసలామె ఒప్పుకోలేదు. ఈమె తగ్గలేదు. పిండి వేరు కదా అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. కాసేపటికి ఆ ముసలామె నవ్వి, కూతురితో ఏదో అంది. ఫోన్ పెట్టేశాక సిస్టరమ్మ నాకు చెప్పారు: "ఈమెను పంపమను, వచ్చినంక తేల్చుకుంటా అన్నది."

వెళ్లాక మా ఆడబిడ్డ ప్రతి ఆదివారం సిస్టరమ్మకు ఫోన్ చేసేది. బాగున్నాను అంటే ఆమె ఒప్పుకునేవారు కాదు. లేచిన దగ్గర నుంచి ఏం జరిగిందో అంతా ఇటాలియన్లో చెప్పాలి. ఇప్పుడు పెద్ద పిల్ల నర్సింగు చదువుతోంది. చిన్నది ఇంటర్‌లో ఉంది.

సమాధి చేసే రోజు మా ఆడబిడ్డ రాలేకపోయింది. పెట్టె మూసే ముందు ఒకసారి చూపించమని ఫోన్ చేస్తే, నేను ముందుకు వెళ్లి సిస్టరమ్మ ముఖం కనబడేలా ఫోన్ పట్టుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆదివారాలు చెప్పినట్టే ఇటాలియన్లో మొదలుపెట్టింది. ఆ రోజు ఆదివారం కూడా కాదు.

పక్కన నిలబడిన ఒక అవ్వ నా భుజం తట్టి, "ఏమంటాంది బిడ్డా, ప్రార్థన చేస్తాందా?" అని అడిగింది.

"కాదవ్వా," అన్నాను. "పొద్దున కిటికీ తీస్తే మంచు పడి ఉన్నదంట. ముసలామె పాలు సగమే తాగిందంట."

మూత పట్టుకుని నిలబడ్డ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె ఇంకా పొద్దుటి పనులే చెబుతోంది. వాళ్లు మూతను మెల్లగా గోడకు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.